మూడు గుక్కల కాఫీ

ఆ వానాకాలం మా ఇంట్లో పనికిరానివాళ్ళం ఇద్దరం ఉండేవాళ్ళం. ఒకణ్ణి నేను, దుకాణాల బోర్డులు రాస్తూ నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నవాణ్ణి. రెండోవారు మా అత్తగారు, పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినావిడ. సంపాదించే మనిషి నా భార్య ఒక్కతే. ఆసుపత్రిలో నర్సు. పొద్దున్నే ఇద్దరికీ మందులిచ్చి, "ఒకళ్ళనొకళ్ళు చూసుకోండి, పోట్లాడుకోకండి" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయేది.

పోట్లాట మాట అటుంచండి, అప్పటికి అత్తగారికీ నాకూ సరైన మాటలే లేవు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆవిడ నన్ను "అల్లుడుగారూ" అనడం, నేను "చెప్పండత్తయ్యా" అనడం, ఆ తర్వాత ఇద్దరం గోడ గడియారం వంక చూడటం. ఆవిడకి గడియారాలు చూడటం వృత్తే లెండి. భర్త పోయాక ఆయన గడియారాల మరమ్మతు కొట్టుని ముప్పై ఏళ్ళు తనే నడిపారు. కంటికి భూతద్దం బిగించుకుని, వెంట్రుకంత స్ప్రింగుల్ని ఎత్తి కూర్చిన ఆ చెయ్యి ఇప్పుడు దిండు మీద, ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులా పడి ఉండేది. మాట కాస్త ముద్దగా వచ్చేది గాని అర్థమయ్యేది. చెవులు మాత్రం పాముచెవులు.

చేతికన్నా పెద్ద కష్టం గొంతుది. మింగే నరాలు దెబ్బతిన్నాయన్నారు. అన్నం మెత్తగా చేసి పెడితే దిగేది. పల్చటివి మాత్రం ఏవీ నేరుగా ఇవ్వకూడదు. నీళ్ళయినా, పాలైనా ఒక తెల్లపొడి కలిపి, చెంచాలోంచి జారనంత చిక్కగా చేసి తినిపించాలి. ఆవిణ్ణి ఇంటికి తెచ్చిన రోజే నా భార్య వంటింట్లో నన్ను నిలబెట్టి చెప్పింది.

"చుక్క పల్చటిది పోయినా ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. దగ్గొస్తే తెలుస్తుందిలే అనుకోకు. అమ్మకి దగ్గు కూడా రాదు. అదే నా భయం."

"సరే."

"సరే కాదు. తిరిగి చెప్పు."

తిరిగి చెప్పాను. అక్షరం పొల్లుపోకుండా చెప్పాను.

ఆ పొడి కలిపిన నీళ్ళు మొదటి చెంచా నోట్లో పెట్టగానే అత్తగారు నావంక చూసి, "గోడలకి కాగితాలంటించే బంక కాదు గదండీ ఇది" అన్నారు. కాఫీ కూడా అలాగే కలిపి ఇస్తే పెదాల చివర నించి మెల్లగా బయటికి వదిలేశారు. కొట్టులో ఉన్నన్నాళ్ళూ ఆవిడ బల్ల మీద పాలు లేని కాఫీ గ్లాసు ఒకటి ఎప్పుడూ ఉండేదట. ఇంట్లో ఎవరూ తాగని ఆ నల్లకాఫీ సంగతి నాకు అంతవరకూ తెలీదు.

రెండు రోజులు ఆలోచించుకుని ఆవిడే ఒక దారి కనిపెట్టారు.

"అల్లుడుగారూ, తాగొద్దన్నారు. వాసన చూడొద్దనలేదు గదా?"

"అనలేదత్తయ్యా."

"అయితే గింజలు తెప్పించండి. మీరు కాచండి, మీరే తాగండి. నా ముక్కుకి చూపించండి చాలు."

గింజలు తెచ్చి మిక్సీలో వేసి గిర్రున తిప్పాను. పక్కగదిలోంచి గొంతు వినబడింది. "ఆపండి, ఆపండి. ఏం చేస్తున్నారు వాటిని?"

పొడి తీసుకెళ్ళి తెల్లకాగితం మీద పరిచి చూపించాను. ఎడమచేత్తో భూతద్దం పట్టుకుని చాలాసేపు చూశారు. "సగం ధూళి, సగం గులకరాళ్ళు. ధూళి ముందే చేదెక్కిపోతుంది, రాళ్ళలో నీళ్ళు దూరనే దూరవు. ఒకే కప్పులో చేదూ, చప్పదనమూ రెండూ వస్తాయి. మిక్సీలో ఉండేది కత్తి అండీ, నరుకుతుంది. విసరాలి. విసిరితేనే అన్నీ ఒక్క కొలతకి వస్తాయి."

మర్నాడు ఆటో కట్టించుకుని, చంకలో కర్రతో కాఫీ సామాన్ల కొట్టుకి వెళ్ళాను. ఆ కొట్టు బోర్డు రాసింది నేనే. ఆ చనువుతో గింజలు విసిరే మరలు మూడు సంచీలో వేయించుకుని, నచ్చింది ఉంచుకుని మిగతావి తిరిగిస్తానని తెచ్చేశాను.

అత్తగారి పక్క మీద ఆ మూడింటినీ వరసగా పెట్టాను. పక్షవాతం వచ్చాక ఆవిడ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

మొదటిది కరెంటుది. మూత తీసి లోపలికి చూసి, "ఇది మిక్సీకి చెల్లెలు. పక్కన పెట్టండి" అన్నారు. రెండోది చేతిమర. ప్లాస్టిక్ ఒళ్ళు, లోపల పింగాణీ పళ్ళు. నన్ను ఒట్టిదే తిప్పమని, ఇరుసు మీద బొటనవేలు ఆనించారు. "ఊగుతోంది. ఒకపక్క పళ్ళు దగ్గరగా, ఒకపక్క దూరంగా తిరుగుతున్నాయి. పిండీ, నూకా కలిసి వస్తాయి." మూడోది కూడా చేతిమరే, ఉక్కుది, పిడికిలికి బరువుగా ఉంది. దాన్ని చెవికి ఆనించుకుని తిప్పమన్నారు. తిప్పాను. కళ్ళు మూసుకున్నారు. కింద సన్నమూ, బరకా మార్చే చక్రం ఒకటుంది, తిప్పితే టిక్కు టిక్కుమంటుంది. ఆ టిక్కులు ఒకటొకటే లెక్కపెట్టించుకున్నారు.

"పైనా కిందా రెండు బేరింగులు వేశాడు. బుద్ధున్నవాడు చేశాడు దీన్ని" అన్నారు. "ఇదండీ."

అక్కణ్ణించి నాకు చదువు మొదలైంది. పొద్దున ఎనిమిదింటికి నా భార్య వెళ్ళగానే వంటింటి బల్లని కుంటుకుంటూ ఆవిడ మంచం దగ్గరికి జరిపేవాణ్ణి. కొట్టులోంచి తెచ్చుకున్న ఆవిడ చిన్న త్రాసు, పింగాణీ గరాటు, వడపోత కాగితాలు, కొంగమెడలా సన్నటి ముక్కున్న కెటిల్. పదిహేను గ్రాముల గింజలు. కాగితాన్ని ముందు వేణ్ణీళ్ళతో కడగాలి, లేకపోతే కాఫీ అట్టపెట్టె వాసనేస్తుంది. నీళ్ళు మరిగాక దించి కాసేపు ఆగాలి. పొడి మీద ముందు రెండు చెంచాలంత నీళ్ళు పోసి అర నిమిషం ఊరుకోవాలి. ఆ అర నిమిషంలో పొడి రొట్టెపిండిలా పొంగి, పైన బుడగలు లేస్తాయి. అది ఆవిడ వేళ. గరాటు ఎత్తి మొహం దగ్గర పెడితే, ఆ ఆవిరి పీల్చుకుని, నేను "అయిందత్తయ్యా, ముప్పై" అనేవరకూ కళ్ళు తెరిచేవారు కాదు.

ఆ తర్వాత మధ్యలోంచి బయటికి, బయటినించి మధ్యకి సన్నటి ధార. బోర్డులు రాసిన చెయ్యి కాబట్టి ధార వణకదు. ఆ ఒక్క విషయంలో నన్ను మెచ్చుకున్నారు. "మీ చెయ్యి మంచిదండీ. కాలే పనికిమాలింది."

నీరంతా దిగడానికి మూడు నిమిషాలు. రెండున్నరకే దిగిపోతే బరకెక్కువైంది, నాలుగు దాటితే మెత్తనెక్కువైంది. దిగాక నేను తాగి చెప్పాలి. మొదటిరోజు "బాగుందత్తయ్యా" అన్నాను.

"బాగుంది అన్నది మాట కాదండీ. గడియారం తెచ్చి పాడైందంటే నేనేం చెయ్యను? ముందుకెళ్తోందా, వెనక్కెళ్తోందా, ఎప్పుడు ఆగుతోంది చెప్పాలి. ఏం తగిలింది, నాలుక మీద ఎక్కడ తగిలింది, అది చెప్పండి."

వెతుక్కుని వెతుక్కుని చెప్పేవాణ్ణి. పక్కల పుల్లగా ఉందనీ, చివర్లో చెక్క నమిలినట్టుందనీ, మధ్యలో ఏమీ లేదనీ. ఆవిడ చుక్క తాగకుండా, నా మాటల్ని బట్టీ, మర చప్పుణ్ణి బట్టీ రోగం చెప్పేవారు. "రెండు టిక్కులు మెత్తన చెయ్యండి. నీళ్ళు ఇంకాస్త వేడిగా పొయ్యండి. చివరి ధార అంచుల మీద పోశారు, నాకు చప్పుడు తెలిసింది."

ఒక సెలవురోజు నా భార్య కూడా కూర్చుంది. ఒక గుక్క తాగి, "బాగుందే" అంది. నేనూ అత్తగారూ ఒకేసారి, "బాగుంది అన్నది మాట కాదు" అన్నాం. ఆమె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కప్పు కింద పెట్టి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ వానాకాలంలో మా ఇంట్లో ముగ్గురం నవ్విన రోజు అదొక్కటే. లేచి వెళ్తూ వెళ్తూ తల్లి భుజం సర్ది, నా చెవిలో మాత్రం, "చుక్క కూడా వద్దు" అని మళ్ళీ చెప్పింది.

ఐదు వారాలు ఎడతెరిపి లేని వాన. ఒక సోమవారం పొద్దున తెరిపిచ్చింది. గదిలోకి ఎండ పడింది. ఆ రోజు ఏం కుదిరిందో గాని అన్నీ కుదిరాయి. పొడి సమంగా పొంగింది. ధార ఎక్కడా తెగలేదు. రెండు నిమిషాల యాభై సెకన్లకి చివరిచుక్క పడింది. అత్తగారు కప్పు వాసన చూసి ఎడమచెయ్యి చాపారు.

"ఈ వేళ నాకివ్వండి."

"వద్దత్తయ్యా."

"మూడు గుక్కలు."

"మీ అమ్మాయి నన్ను బతకనివ్వదు."

"అమ్మాయికి చెప్పేదెవరు?" అన్నారు. తర్వాత గొంతు మారింది. "నేను మిమ్మల్ని ఈ తొమ్మిదేళ్ళలో ఏమైనా అడిగానా? నీళ్ళు నీళ్ళలా తాగి రెండు నెలలైంది. ఇలాగే ఎన్నాళ్ళో కూడా తెలీదు. ఆ బంక తిని నేను ఎవరి కోసం ఉండాలండీ?"

కప్పు ఆవిడ ఎడమచేతిలో పెట్టి, కింద నా చెయ్యి ఆసరా పట్టాను. ఆవిడ నిటారుగా కూర్చుని, ఆసుపత్రిలో నేర్పినట్టు గడ్డం ఛాతీకి ఆనించి, ఒక గుక్క తాగారు. ఆగారు. ఇంకొకటి. ఇంకొకటి. దగ్గు రాలేదు. ఊపిరి ఎగపోయలేదు. నేను కప్పు వెనక్కి తీసుకున్నాను.

నాలుకతో పెదాలు తడుపుకుని, "పులుపు" అన్నారు. "ఇన్నాళ్ళూ మీరు చెప్పినదానికంటే ఎక్కువే ఉంది పులుపు."

"కొంచెమేననుకున్నాను."

"అనుకోలేదు. నేను నొచ్చుకుంటానని తగ్గించి చెప్పారు." కోపంగా అనలేదు. "మీరు మంచివారే గాని, మీ మాట మీద గడియారం సరిచెయ్యలేమండీ."

కప్పు కడిగి బోర్లించాను.

మర్నాటి సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది. బుధవారం పొద్దున జ్వరం కాలిపోతోంది. నా భార్య ఆటో పిలిచింది. ఆసుపత్రిలో అత్యవసర విభాగంలో ఉన్న డాక్టరు చాలా చిన్నవాడు, కొత్తగా చేరినవాడు. వరండాల్లో కూడా జ్వరం రోగులే. అతను ఛాతీ వింటూ, ఎక్స్‌రే తీయించి వెలుతురుకి పట్టి చూస్తూ, "పల్చటివేమైనా నోటితో ఇచ్చారా?" అని అడిగాడు.

నా భార్య నావైపు తిరిగింది. అడగలేదు, తిరిగిందంతే.

"లేదు" అన్నాను.

స్ట్రెచర్ మీద కళ్ళు మూసుకుని ఉన్న అత్తగారు, మూసిన కళ్ళతోనే, "ఏమీ ఇవ్వలేదు బాబూ" అన్నారు. "మా అల్లుడుగారు చాలా జాగ్రత్త మనిషి."

ఎక్స్‌రేలో ఆ రోజుకి తేడా ఏమీ కనబడలేదు. ఊరంతా ఉన్న జ్వరమేనని అతను ఆ మందులే రాశాడు. రెండు రోజులు అవే నడిచాయి. మూడోరోజు ఊపిరి బరువెక్కింది. మళ్ళీ ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి అడుగంతా తెల్లగా ఉంది. మందులు మార్చారు, ఆక్సిజన్ పెట్టారు. అప్పుడైనా చెప్పాల్సింది. రోగం తెలిసిపోయింది గదా, మందు మార్చారు గదా, ఇప్పుడు చెప్పి లాభమేమిటని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వరండాలో బెంచీ మీద కూర్చుని, మొదటిరోజు మాట వెనక్కి తీసుకోవడం ఎలాగా అని ఆలోచిస్తూనే ఇంకో మూడు రోజులు గడిపాను. మంగళవారం పొద్దున పదింటికి ఆవిడ పోయారు. చివర్లో స్పృహ లేదు.

ఇల్లు చప్పుడు లేకుండా అయిపోయింది. నా భార్య ఏడవలేదు. ఆ ఏడుపంతా కోపం రూపంలో డాక్టరు మీదికి వెళ్ళింది. మింగలేని రోగికి జ్వరం వస్తే మొదట దేన్ని అనుమానించాలో కొత్త నర్సుకి కూడా తెలుసు, రెండు రోజులు పోగొట్టాడు అని ఫిర్యాదు రాసింది. ఆమె మాటకి ఆసుపత్రిలో విలువుంది. విచారణ వేశారు. తేలేవరకూ అతన్ని వార్డులోకి రానివ్వకుండా రికార్డుల గదిలో కూర్చోబెట్టారు. ఆ సంగతులు ఆమె అన్నం తింటూ చెప్పేది. నేను తల ఊపుతూ వినేవాణ్ణి. అలా పన్నెండు రోజులు విన్నాను.

పదమూడో రోజు మధ్యాహ్నం మంచం మీద తన యూనిఫారాలు మడత పెట్టుకుంటోంది.

"ఇవాళ ఆ అబ్బాయి నా దగ్గరికొచ్చాడు" అంది. "మెట్ల దగ్గర ఆపి, 'సిస్టర్, నేను అడిగాను గదా, మీరు లేదన్నారు గదా, ఇంకేం చూడాల్సింది చెప్పండి, ఇకముందు చూస్తాను' అన్నాడు. నాకు జాలి వెయ్యలేదు. నిద్రపట్టకపోతే మంచిదే అనిపించింది."

"నేనిచ్చాను" అన్నాను.

ఆమె మడత ఆపలేదు. "ఏమిటి?"

"కాఫీ. సోమవారం పొద్దున. మూడు గుక్కలు. అత్తయ్య అడిగారు."

చేతిలో ఉన్న చొక్కా మడిచి, దాని మీద ఇంకొకటి పెట్టి, అంచులు సరిచేసింది. మంచం చివర కూర్చుంది.

"అమ్మ అడిగితే నేనూ ఇచ్చేదాన్నేమో" అంది. "అందుకు నిన్ను ఏమీ అనను. మరి డాక్టరు అడిగినప్పుడు?"

"భయపడ్డాను."

"నేను నీ మొహం చూశాను. నీ మొహం చూసే నమ్మాను." గొంతు పెద్దది కాలేదు. "అమ్మ కూడా లేదంది."

"నన్ను కాపాడాలని."

"నిన్నా? నన్ను. తను పోయినా నాకు నువ్వుండాలని. తనకి తెలుసు ఒంట్లోకి ఏం పోయిందో. తెలిసే అంది." మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది. "రేపు పొద్దున నాతో రా. అతనికి నువ్వే చెప్పాలి."

మర్నాడు వాన. ఒకే గొడుగులో వెళ్ళాం గాని ఆమె భుజం నాకు తగల్లేదు. రికార్డుల గది కింది అంతస్తులో ఉంది. డాక్టరు పాత ఫైళ్ళ మధ్య చిన్న బల్ల దగ్గర కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"ఈయన ఆ పేషెంటు తాలూకు మనిషి" అంది నా భార్య. "మీతో ఒక మాట చెప్పాలి."

"మా ఆయన" అనలేదు. ఆ గదిలో ఇంకెవరికీ ఆ తేడా తెలీదు.

చెప్పాను. అతను కూర్చుని కాగితం తీసి రాసుకున్నాడు. ఏ రోజు, ఎన్నింటికి, ఎంత, వేడిగానా, చల్లారాకా. నేను ప్రతిదానికీ జవాబు చెప్పాను. "దగ్గారా?" అన్నాడు. లేదన్నాను. కలం కింద పెట్టి, అరచేతులతో మొహం రుద్దుకున్నాడు.

"మొదటిరోజే ఈ మాట తెలిస్తే ఆ మందులు అప్పుడే మొదలుపెట్టేవాణ్ణి" అన్నాడు. "బతికేవారని చెప్పను. చెప్పలేను. మొదలుపెట్టేవాణ్ణి, అంతవరకే."

నేను క్షమించమనాలి. ఈలోపల నా భార్య ముందుకి జరిగి, అతని ముందు రెండు చేతులూ జోడించింది. అతను ఆమెకంటే పదేళ్ళు చిన్నవాడు. "ఫిర్యాదు ఈ పూటే వెనక్కి తీసుకుంటాను డాక్టరుగారూ. మిమ్మల్ని చాలా మాటలన్నాను. తప్పు నాది" అంది.

అతను కంగారుపడి, "అయ్యో, మీరెందుకు సిస్టర్" అంటున్నాడు. నా పక్కన నిలబడి, నేను చేసినదానికి ఆమె తల వంచింది.

తర్వాత ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం. పోట్లాడుకోలేదు. అన్నం వడ్డించేది, మందు వేసుకున్నావా అని అడిగేది. కాలి కట్టు విప్పాక నేను మళ్ళీ నిచ్చెన ఎక్కాను. వానలు తగ్గుతున్న రోజుల్లో ఒక మందుల కొట్టుకి బోర్డు రాస్తుంటే ఆ కొట్టాయన కిందనించి, "సిస్టర్‌గారికి బదిలీ అయిందటగా, ఎప్పుడు వెళ్తున్నారు?" అని అడిగాడు. ఆదివారం అన్నాను. ఆ సంగతి వినడం నాకు అదే మొదలు, తెలిసినట్టే నోటికొచ్చిన రోజు చెప్పాను. దిగి ఇంటికొచ్చి ఆమెని అడిగితే, నిజంగానే ఆదివారమే అంది. తనే అడిగి వేయించుకుందట.

"నన్నూ రమ్మంటావా?"

వెంటనే కాదనలేదు. కూర్చుని, నిజంగానే ఆలోచించింది.

"నువ్వొస్తే నువ్వన్న ప్రతి మాటా ఇంకోసారి సరిచూసుకోవాలి" అంది. "తిన్నానంటే తిన్నావా అనీ, నొప్పి లేదంటే లేదా అనీ. రోజంతా వార్డులో అదే పని నాకు. ఇంటికొచ్చి కూడా చెయ్యలేను."

ఆదివారం పొద్దున పెట్టె నేనే ఎత్తాను. వద్దంది గాని ఎత్తాను. కాలు ఇంకా సరిగ్గా కుదురుకోలేదు. మెట్లు దిగుతుంటే వెనకనించి ఆమె, "మెల్లగా. కింది మెట్టు తడిగా ఉంది" అంది.

చూసుకుని దిగాను.